విండోస్ 11కి మారితే పాత టెలిస్కోప్ మౌంట్ మూలన పడేయాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

"విండోస్ 11 వేశాక మౌంట్ కనెక్ట్ అవ్వట్లేదు. పాతదైపోయినట్టుంది, కొత్తది కొనాలా?" 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు ఆగిపోయినప్పటి నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే మౌంట్‌ని అమ్మకానికి పెట్టేసి ఉంటారు. దయచేసి ఆగండి. మౌంట్, అంటే టెలిస్కోప్‌ని మోస్తూ చుక్కల వెంట తిప్పే మోటారు స్టాండు, బాగానే ఉంది. ముందు కేబుల్ చూడండి.

అపోహ: కొత్త విండోస్ పాత మౌంట్‌ని గుర్తించదు.

సీరియల్ కేబుల్‌తో కలిపే మౌంట్ ఏ కంపెనీదో, ఏ మోడలో విండోస్‌కి తెలియనే తెలియదు. దానికి కనిపించేది యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ మొనలో ఉన్న చిన్న చిప్ ఒక్కటే. పాత కేబుళ్లలో చాలావాటిలో ఉన్నది పీఎల్2303 చిప్. దానికి నకళ్లు విపరీతంగా వచ్చాయి. తయారీదారు కొత్త డ్రైవర్లలో (డ్రైవర్ అంటే పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాము) నకళ్లతో పాటు తన పాత చిప్‌లకు కూడా మద్దతు తీసేశాడు. విండోస్ అప్‌డేట్ మీ ప్రమేయం లేకుండా ఆ కొత్త డ్రైవర్నే తెచ్చిపెడుతుంది. అంతే, నిన్నటిదాకా నడిచిన కేబుల్ ఇవాళ మూగబోతుంది.

నిర్ధారించుకోవడానికి రెండు నిమిషాలు చాలు. డివైస్ మేనేజర్ తెరిచి 'పోర్ట్స్' విభాగం చూడండి. కామ్ నంబర్ (సీరియల్ పోర్టుకి విండోస్ ఇచ్చే నంబర్) ఉండాల్సిన చోట పసుపు త్రికోణం ఉంటుంది. పక్కనే పరికరం పేరుకి బదులు, ఈ చిప్ 2012లోనే ఆగిపోయింది, అమ్మినవారిని సంప్రదించండి అనో, విండోస్ 11లో పనిచేయదు అనో పెద్దక్షరాల్లో ఇంగ్లీషు వాక్యం ఉంటుంది. అది చూసి విండోస్ తమ మౌంట్‌నే వద్దంటోందని బెంబేలెత్తిపోతారు. ఆ మాట చిప్ గురించి, మౌంట్ గురించి కాదు.

తాత్కాలికంగా గట్టెక్కాలంటే ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్, తర్వాత కంప్యూటర్‌లో వెతికే ఎంపిక, తర్వాత జాబితా నుంచి ఎంచుకునే ఎంపిక. అక్కడ పాత వెర్షన్ కనిపిస్తే దాన్ని ఎంచుకోండి. చాలాసార్లు పోర్టు వెంటనే లేచి కూర్చుంటుంది. కానీ తర్వాతి అప్‌డేట్ మళ్లీ కొత్త డ్రైవర్ని తెచ్చి పెట్టొచ్చు, అదీ మబ్బుల్లేని రాత్రే జరగొచ్చు. శాశ్వత పరిష్కారం ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న మంచి కేబుల్. మౌంట్ ధరతో పోలిస్తే అదొక లెక్కే కాదు.

కేబుల్ మార్చేటప్పుడు మాత్రం ఒక్క విషయం మర్చిపోవద్దు. హ్యాండ్ కంట్రోలర్‌కి (మౌంట్‌ని నడిపే చేతి రిమోట్) పెట్టే సీరియల్ కేబుల్, నేరుగా మౌంట్‌కి పెట్టే ఈక్యూడిర్ కేబుల్ ఒకటి కావు. మొదటిది ఆర్ఎస్-232, దాని సిగ్నల్ ప్లస్ నుంచి మైనస్‌కి, దాదాపు 12 వోల్టుల దాకా ఊగుతుంది. రెండోది టీటీఎల్, 5 వోల్టులు దాటదు. చిప్ మంచిదే కదా అని ఆర్ఎస్-232 కేబుల్‌ని మౌంట్‌లోకి నేరుగా గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు. అప్పుడు నిజంగానే మౌంట్ పోతుంది.

చిప్ సరిగ్గా ఉండి, త్రికోణం లేకపోయినా కనెక్ట్ అవ్వకపోతే కామ్ నంబర్ చూడండి. పాత విండోస్‌లో కామ్ 4 ఉండేది, ఇప్పుడు కామ్ 7 అయివుంటుంది. మౌంట్ డ్రైవర్ ఇంకా 4నే పిలుస్తూ కూర్చుంటుంది. కేబుల్ తీసి, పెట్టి చూడండి. జాబితాలో మాయమై మళ్లీ వచ్చేదే మీ పోర్టు. మౌంట్ డ్రైవర్ సెటప్ కిటికీలో ఆ నంబర్ ఇవ్వండి. లేదా డివైస్ మేనేజర్లో పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి పాత నంబరే మళ్లీ కేటాయించండి. ఇలాంటి కేబుళ్లలోనే వచ్చే సీహెచ్340 చిప్‌లకు సాధారణంగా సొంత సీరియల్ నంబర్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ సాకెట్ మార్చిన ప్రతిసారీ కామ్ నంబర్ మారిపోతుంది. ఏ కేబుల్ ఏ సాకెట్‌కో టేపు అంటించి రాసుకుంటే ఆ బెడద ఉండదు.

అపోహ: విండోస్ 11లో 32-బిట్ ప్రోగ్రాములు నడవవు.

నడుస్తాయి. విండోస్ 11కి 32-బిట్ వెర్షన్ లేదన్న మాట నిజమే. 32-బిట్ ప్రోగ్రాములు అందులో నడవవన్నది పుకారు. నడవనివి 16-బిట్‌వి, అవి 64-బిట్ విండోస్ 10లోనూ నడిచేవి కావు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. విండోస్ మార్చినప్పుడు చాలామంది పనిలో పనిగా ఫోటోలు తీసే క్యాప్చర్ ప్రోగ్రాముని కూడా 32-బిట్ నుంచి 64-బిట్‌కి మారుస్తారు. ఈ ప్రోగ్రాములు మౌంట్, కెమెరాలతో మాట్లాడేది యాస్కామ్ అనే ఉమ్మడి పద్ధతిలో. డీఎల్ఎల్ రూపంలో ఉండే పాత యాస్కామ్ డ్రైవర్, దాన్ని పిలిచే ప్రోగ్రాము లోపలే నడవాలి. 64-బిట్ ప్రోగ్రాము 32-బిట్ డీఎల్ఎల్‌ని లోపలికి తీసుకోలేదు. అప్పుడు జాబితాలో డ్రైవర్ కనిపించదు, లేదా 'క్లాస్ నాట్ రిజిస్టర్డ్' అని 80040154 ఎర్రర్ వస్తుంది. దీనికి విండోస్‌ని తిట్టి లాభం లేదు. ఈఎక్స్ఈ రూపంలో విడిగా నడిచే డ్రైవర్లకు ఈ బాధ లేదు. ఈక్యూమాడ్ అనే మౌంట్ డ్రైవర్ 32-బిట్‌దే అయినా 64-బిట్ ప్రోగ్రాములతో కలిసి పనిచేసేది అందుకే.

దారులు మూడు. డ్రైవర్‌కి కొత్త వెర్షన్ ఉందేమో చూడటం మొదటిది. లేకపోతే మౌంటు, ఫోకసర్ (ఫోకస్ సరిచేసే మోటారు), డోమ్‌లకు యాస్కామ్‌తోపాటే వచ్చే డివైస్ హబ్‌ని మధ్యలో పెట్టండి. హబ్ 32-బిట్ డ్రైవర్‌తో మాట్లాడుతుంది, మీ ప్రోగ్రాము హబ్‌తో మాట్లాడుతుంది. అదీ కుదరకపోతే క్యాప్చర్ ప్రోగ్రాము 32-బిట్ వెర్షన్‌కి తిరిగి వెళ్లండి. ఇన్‌స్టాల్ వరుస కూడా ముఖ్యమే: ముందు యాస్కామ్ ప్లాట్‌ఫామ్, తర్వాత కెమెరా సొంత డ్రైవర్, తర్వాత దాని యాస్కామ్ డ్రైవర్, చివర్లో క్యాప్చర్ ప్రోగ్రాము. కెమెరా సొంత డ్రైవర్ పడేదాకా కెమెరా తగిలించకండి.

అపోహ: ఆర్మ్ ల్యాప్‌టాప్‌లోనూ అన్నీ నడుస్తాయట.

ఆర్మ్ అంటే మామూలు ఇంటెల్, ఏఎండీలకు భిన్నమైన ప్రాసెసర్ రకం. అందులో ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి, పరికరాల డ్రైవర్లు నడవవు. విండోస్ ప్రోగ్రాములను అనుకరించి నడిపిస్తుంది కానీ విండోస్ లోపలి పొరలో (కెర్నెల్) నడిచే డ్రైవర్లను అలా నడపలేదు. అవి ఆర్మ్64 కోసమే తయారై ఉండాలి. మీ కెమెరాకి ఆ డ్రైవర్ ఉందని తయారీదారు రాసి ఉంటే తప్ప పరిశీలనకు ఆర్మ్ ల్యాప్‌టాప్ కొనకండి.

అపోహ: అప్‌గ్రేడ్ చేస్తే సెట్టింగులన్నీ పోతాయి.

పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే ప్రోగ్రాములూ ప్రొఫైళ్లూ ఉంటాయి. నచ్చకపోతే 10 రోజుల్లోపు వెనక్కి వెళ్లొచ్చు. అయినా గైడింగ్ ప్రోగ్రాము పీహెచ్‌డీ2 ప్రొఫైల్‌ని ఎగుమతి చేసి, ఈక్యూమాడ్ సెట్టింగులుండే ఐఎన్ఐ ఫైలునూ, క్యాప్చర్ ప్రోగ్రాము నీనా ప్రొఫైళ్ల ఫోల్డర్నీ యాప్‌డేటా ఫోల్డర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్ తుడిచి విండోస్ కొత్తగా వేసేట్టయితే డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రాముల లైసెన్సుల్ని ముందే డీయాక్టివేట్ చేయండి.

అలా కొత్తగా వేసినప్పుడు ఇంకో రెండు చిక్కులు ఎదురవుతాయి. మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగు దానంతటదే ఆన్ అయి, పాత కెమెరా డ్రైవర్ని అడ్డుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ కింద చూడండి. ఆపే ముందు కొత్త డ్రైవర్ ఉందేమో వెతకండి. రెండోది వన్‌డ్రైవ్. అది డాక్యుమెంట్స్ ఫోల్డర్ని తనలో కలుపుకుంటుంది. 26 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కో 16-బిట్ ఫ్రేము దాదాపు 52 ఎంబీ. 200 ఫ్రేములంటే 10 జీబీకి పైనే, వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఫ్రేముల ఫోల్డర్ని డాక్యుమెంట్స్ బయట పెట్టండి.

అపోహ: వెంటనే మారకపోతే ప్రమాదం.

ఇంటర్నెట్ లేకుండా టెలిస్కోప్ పక్కన మాత్రమే వాడే ల్యాప్‌టాప్ అయితే కొంపేం మునిగిపోదు. విండోస్ 10 ఆగిపోలేదు, అప్‌డేట్లే ఆగాయి. నెట్‌కి తగిలించే మెషీన్ అయితే, పొడిగించిన భద్రతా అప్‌డేట్లలో నమోదైన ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా గడువుంది. నిదానంగా మారండి.

అపోహ: అన్నీ కనెక్ట్ అయ్యాయి కాబట్టి పని అయిపోయినట్టే.

గైడ్ కెమెరా (ఒక చుక్కని చూస్తూ మౌంట్ ట్రాకింగ్‌ని సరిదిద్దడానికి వాడేది) నలభయ్యో నిమిషంలో తెగిపోవడానికి పవర్ సెట్టింగులే తరచూ కారణం. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. డివైస్ మేనేజర్లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్‌కీ, పవర్ ఆదా కోసం ఆఫ్ చేయొచ్చన్న టిక్ తీసేయండి. అప్‌డేట్ యాక్టివ్ అవర్స్ 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. సాయంత్రం 5 నుంచి ఉదయం 8 దాకా పెడితే రాత్రి మధ్యలో అప్‌డేట్ కోసం రీస్టార్ట్ కాదు. గడియారం, టైమ్ జోన్ కూడా చూసుకోండి. గడియారం 4 నిమిషాలు తేడా ఉంటే గోటూ (మౌంట్ తనంతట తానే లక్ష్యం వైపు తిరగడం) 1 డిగ్రీ తప్పుతుంది. టైమ్ జోన్ ఒక గంట తేడా ఉంటే 15 డిగ్రీలు. ఫ్రేములో వస్తువు అసలు ఉండదు.

తర్వాత పగలే, ఇంట్లోనే, టెలిస్కోప్ మూత తీయకుండా అన్నీ తగిలించండి. మౌంట్‌ని ట్రాకింగ్‌లో పెట్టి, ప్రధాన కెమెరాలో 2 నిమిషాల ఎక్స్‌పోజర్లు, పీహెచ్‌డీ2లో 2 సెకన్ల లూపింగ్ (ఆగకుండా వరుస ఫోటోలు) మొదలుపెట్టి, కీబోర్డు ముట్టుకోకుండా రెండు గంటలు వదిలేయండి. మధ్యలో ఎక్కడైనా తెగితే పీహెచ్‌డీ2 డీబగ్ లాగ్‌లో సమయంతో సహా ఉంటుంది. ఆ సమయానికే స్క్రీన్ ఆరిందా, డిస్క్ నిద్రపోయిందా, కేబుల్ కదిలిందా అని పోల్చి చూస్తే కారణం దాదాపు అక్కడే దొరుకుతుంది.