హార్లిక్స్ సీసాలో కందిపప్పు

మా బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. పోయిన ఏడాది ఆయన పెన్షన్‌కు సంబంధించిన కాగితం ఒకటి మెయిల్‌లో వచ్చింది. కింద అటాచ్‌మెంట్ కనిపిస్తే నొక్కారు. తెరుచుకోలేదు సరికదా, "ఈ ఫైలును దేనితో తెరవాలి?" అని కంప్యూటరే ఆయన్ని ఎదురు అడిగింది. ఫైలు పేరు 'విన్‌మెయిల్'. దాని తర్వాత ఒక చుక్క, ఆ చుక్క పక్కన డీ, ఏ, టీ అనే మూడక్షరాలు. రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి నాకు ఫోన్ చేశారు. "నొక్కకూడనిది ఏదో నొక్కి పాడు చేశానేమోరా" అన్నారు.

నలభై ఏళ్లు పిల్లలకు భిన్నాలు నేర్పిన మనిషి, అర్థంకాని తెర ముందు కూర్చునేసరికి తప్పు తనదే అనుకున్నారు. ఆ మాట నాకు చాలా బాధగా అనిపించింది. ఆయన ఏమీ పాడు చేయలేదు. కంప్యూటర్ ఆ ఫైలు లోపల ఏముందో చూడనే లేదు, పేరు మాత్రమే చదివి ఆగిపోయింది.

మన ఇళ్లలో వంటగది అలమర తీస్తే హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటుంది, బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం ఉంటాయి. ఇంట్లో వాళ్లకు ఇబ్బంది లేదు. కొత్తగా వచ్చిన చుట్టం మాత్రం డబ్బా మీద పేరు చూసి పొరబడతాడు. ఫైళ్ల విషయంలో కంప్యూటర్ ఆ కొత్త చుట్టం లాంటిది.

ఫైలు అంటే వరసగా పేర్చిన సంఖ్యలు. ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు ఉంటుంది, దాన్ని బైట్ అంటాం. పెళ్లి ఫొటో అయినా, పొలం పాస్‌బుక్ స్కాన్ అయినా, పాట అయినా, వైరస్ అయినా డిస్కు మీద అన్నీ ఇవే సంఖ్యలు. 80 అనే సంఖ్య ఒక ఫైల్లో ఇంగ్లిష్ 'పీ' అక్షరం కావచ్చు, ఇంకో ఫైల్లో ఆకాశపు రంగులో ఒక వంతు కావచ్చు. ఏది ఏమిటో తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని కోసమే ఫైలు పేరుకు చివర, చుక్క తర్వాత, తోక (ఎక్స్‌టెన్షన్) తగిలించారు. పాత ఎంఎస్-డాస్ రోజుల్లో పేరుకు ఎనిమిది అక్షరాలు, తోకకు మూడు అని లెక్క కట్టి ఇచ్చేవారు. ఆ మూడక్షరాల అలవాటు ఇప్పటికీ పోలేదు. విండోస్ తన దగ్గర ఒక పట్టీ ఉంచుకుంటుంది: ఈ తోక ఉంటే ఈ ప్రోగ్రామును పిలవాలి, ఆ తోక ఉంటే దాన్ని పిలవాలి అని. మీరు నొక్కిన ఫైలు తోక ఆ పట్టీలో లేకపోతే, "దేనితో తెరవాలి?" అనే ప్రశ్న వస్తుంది.

1984లో వచ్చిన ఆపిల్ మెకింతోష్ వేరే దారి పట్టింది. ఫైలు రకాన్ని పేరులో కాకుండా, కంటికి కనబడని చోట నాలుగక్షరాల గుర్తుగా రాసుకునేది. ఆ పద్ధతి బాగానే ఉండేది, ఫైలు మెకింతోష్‌లో ఉన్నంతసేపు. వేరే రకం కంప్యూటర్‌కు పంపితే ఆ గుర్తు దారిలోనే రాలిపోయేది.

దారిలో రాలిపోవడం అనేది మెయిల్‌కు పుట్టుకతో వచ్చిన కష్టం. మొదట్లో ఈమెయిల్ వట్టి ఇంగ్లిష్ అక్షరాల కోసమే పుట్టింది. 128 గుర్తులు, అంతకు మించి లేవు. ఫొటో పంపాలంటే కుదరదు, తెలుగు అక్షరం పంపాలన్నా కుదరదు. అమెరికాలో బెల్‌కోర్ సంస్థలో పనిచేస్తున్న నథానియేల్ బోరెన్‌స్టీన్, ఇన్నోసాఫ్ట్‌లో ఉన్న నెడ్ ఫ్రీడ్ కలిసి దీనికి 'మైమ్' అనే పద్ధతి రాశారు. 1992 మార్చి 11న బోరెన్‌స్టీన్ ఆ పద్ధతిలో మొట్టమొదటి అటాచ్‌మెంట్లు పంపాడు. నలుగురు స్నేహితులు కలిసి పాడే తమ పాటల బృందం ఫొటో ఒకటి, వాళ్ల పాట ఒకటి. ఇదంతా ఎందుకని అడిగినవాళ్లకు, ఏదో ఒక రోజు నాకు మనవలు పుడతారు, వాళ్ల ఫొటోలు మెయిల్‌లో చూసుకోవాలి కదా అని చెప్పేవాడట. డాలస్‌లో ఉన్న మనవరాలి ఫొటో కోసం గుంటూరులో ఎదురుచూసే అమ్మమ్మకు ఆయన మనసు ఇట్టే తెలుస్తుంది.

ఆ పద్ధతిలో ఉన్న ఉపాయం ఇది. మూడు బైట్లను తీసుకుని, మెయిల్ భద్రంగా మోయగలిగే నాలుగు మామూలు అక్షరాలుగా మారుస్తారు. అవతల చేరాక మళ్లీ మూడు బైట్లు చేస్తారు. మూడు నాలుగవుతాయి కాబట్టి 18 ఎంబీ ఫైలు దారిలో 24 ఎంబీ బరువు తూగుతుంది. అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ అని చెప్పిన చోట 22 ఎంబీ ఫైలు ఒక్కోసారి వెనక్కి రావడానికి కారణం ఈ లెక్కే. దీంతోపాటు ప్రతి అటాచ్‌మెంట్‌కూ ఒక చీటీ అంటిస్తారు: ఇది బొమ్మ, ఇది శబ్దం, ఇది పీడీఎఫ్ అని. పంపే ప్రోగ్రాముకే ఆ సంగతి తెలియకపోతే 'ఆక్టెట్ స్ట్రీమ్' అని రాసేస్తుంది. అంటే బైట్ల వరస. మూట అప్పజెప్పి, లోపల ఏముందో నాకు తెలియదు అన్నట్టు.

బాబాయి ఫైలు సంగతి మరో రకం. అది పంపినవాళ్లు మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ వాడారు, అందులో 'రిచ్ టెక్స్ట్' అనే అమరికలో రాశారు. అప్పుడు ఔట్‌లుక్ అక్షరాల రంగులు, సైజులు, అసలు అటాచ్‌మెంట్లు అన్నీ కలిపి తనకు మాత్రమే తెలిసిన ఒక మూటగా కడుతుంది. అందుకునేవాళ్ల దగ్గరా ఔట్‌లుక్ ఉంటే మూట విప్పుకుంటుంది. లేకపోతే మిగిలేది విన్‌మెయిల్ అనే ముద్ద. పంపేవాళ్లు సెట్టింగ్‌లో 'హెచ్‌టీఎంఎల్' అని మార్చుకుంటే ఈ బాధ ఉండదు. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఎవరూ వెచ్చించకపోవడం వల్ల ఎంతమంది పెద్దవాళ్లు తమ చేతకానితనం అనుకుని కూర్చున్నారో అనిపిస్తుంది.

చాలామంది ఇలాంటప్పుడు చేసే పని ఒకటి ఉంది: తోక తీసేసి పీడీఎఫ్ అని రాయడం. కందిపప్పు సీసా మీద బెల్లం అని చీటీ అంటిస్తే పప్పు తియ్యగా అవదు. పేరు మారుతుంది, లోపలి బైట్లు ఒక్కటి కూడా మారవు. పంపినవాళ్లే పొరపాటున తోక ఊడగొట్టి పంపినప్పుడు మాత్రం అది పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు మనం అసలు పేరే తిరిగి పెడుతున్నాం.

మరి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? మూత తీసి చూడాలి. చాలా రకాల ఫైళ్లు మొదటి కొన్ని బైట్లలోనే తమ పరిచయం చెప్పుకుంటాయి. పీడీఎఫ్ అయితే మొదట పర్సెంట్ గుర్తు, వెంటనే పీ, డీ, ఎఫ్ అక్షరాలు ఉంటాయి. జేపీజీ ఫొటో 255, 216, 255 అనే మూడు సంఖ్యలతో మొదలవుతుంది. పీఎన్‌జీ బొమ్మలో 137, ఆ వెంటనే పీ, ఎన్, జీ. చాలా ఫైళ్లను ఒక్క మూటగా కట్టే జిప్ ఫైలు పీ, కే అనే రెండక్షరాలతో మొదలవుతుంది, అవి ఆ పద్ధతిని 1989లో తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. విండోస్ ప్రోగ్రాముల మొదట్లో ఉండే ఎం, జెడ్ అక్షరాలు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మార్క్ జ్బికోవ్‌స్కీవి. గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కినట్టు, మనం రోజూ తొక్కుతూ వెళ్తాం, చదవం. వీటిని మ్యాజిక్ నంబర్లు అంటారు. వీటిని చూసి ఫైలు రకం చెప్పే చిన్న ప్రోగ్రాము యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో 1973 నుంచే ఉంది, దాని పేరు కూడా 'ఫైల్' అనే.

మన ఇంటి కంప్యూటర్‌లో దీనికి నోట్‌ప్యాడ్ చాలు. ఫైలు మీద కుడి బటన్ నొక్కి, 'ఓపెన్ విత్'లో నోట్‌ప్యాడ్ ఎంచుకోవాలి. తెర నిండా పిచ్చి గీతలు కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. మొదటి లైను మొదట్లో ఏ అక్షరాలున్నాయో చూసి, సేవ్ చేయకుండా మూసేయాలి. నోట్‌ప్యాడ్ ఫైలును చదువుతుంది, నడపదు, కాబట్టి ఈ చూపు వల్ల హాని లేదు. 'ఎప్పుడూ దీనితోనే తెరువు' అనేది మాత్రం ఎంచుకోకూడదు. ఎంచుకుంటే అదే తోక ఉన్న ఫైళ్లన్నీ నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకుంటాయి.

ఇలా చూస్తే ఒక చిత్రం బయటపడుతుంది. వర్డ్‌లో రాసిన ఇప్పటి డాక్స్ ఫైలు కూడా పీ, కే అనే మొదలవుతుంది. 2007 ఆఫీస్ నుంచి వర్డ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాని కాపీ ఒకటి తీసి, తోక జిప్ అని మార్చి తెరిచి చూడండి. లోపల 'వర్డ్' అనే ఫోల్డర్, అందులో 'మీడియా' అనే ఫోల్డర్, అందులో ఆ ఉత్తరంలో పెట్టిన ఫొటోలన్నీ విడివిడిగా ఉంటాయి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు పాత ట్రంకుపెట్టెలో రహస్యపు అర దొరికినంత సంబరం కలిగింది.

తోక కొత్తది కావడం వల్ల తెరుచుకోని ఫైళ్లూ ఉన్నాయి. 2017 నుంచి ఐఫోన్లు ఫొటోలను 'హెచ్ఈఐసీ' రూపంలో దాస్తున్నాయి. జేపీజీలో సగం చోటు చాలు. చాలా విండోస్ కంప్యూటర్లు అదనంగా ఒక చిన్న ప్రోగ్రాము పెడితే గానీ దాన్ని చూపించవు.

తెలుగువాళ్లకు ఇంకో పాత బాధ ఉంది, డీటీపీ సెంటర్ నుంచి వచ్చే ఫైళ్లు. అక్కడ పేజీలు పేర్చడానికి వాడే పేజ్‌మేకర్ ప్రోగ్రాము చివరి వెర్షన్ 2001లో వచ్చింది, అయినా ఆ ఫైళ్లు ఇంకా మెయిళ్లలో తిరుగుతున్నాయి. తెరిచినా 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లు లేకపోతే ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాలు కలిసిన గజిబిజి కనిపిస్తుంది. ఎందుకంటే ఆ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యల మీదే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టాయి. ఫాంట్ తీస్తే బొమ్మ పోయి, కింద ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు, తెలుగుకు సొంత సంఖ్యలున్నాయి. మెయిళ్లలో, వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 లెక్కలో 'అ' అంటే 224, 176, 133 అనే మూడు బైట్లు. ఆ మూడింటినీ ఒక్క తెలుగక్షరంగా కాక మూడు వేర్వేరు పాశ్చాత్య అక్షరాలుగా చదివితే నెత్తిన గీత ఉన్న చిన్న 'ఏ', డిగ్రీ గుర్తు, మూడు చుక్కలు వస్తాయి. తెలుగు పేర్లున్న పట్టికను ఎక్సెల్‌లో తెరిచినప్పుడు డిగ్రీ గుర్తులు వరసగా కనిపిస్తే, అక్షరాలు చెడిపోలేదని, చదివే పద్ధతి తప్పిందని గుర్తించవచ్చు. తెలుగు భద్రంగా అక్కడే ఉంటుంది.

ఇక భయపడాల్సిన చోటు. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన 'ఐ లవ్ యూ' వైరస్ ప్రేమలేఖ పేరుతో అటాచ్‌మెంట్‌గా వచ్చింది. దానికి రెండు తోకలు. ముందు 'టీఎక్స్‌టీ', దాని వెనక అసలుది 'వీబీఎస్', అంటే నడిచే ప్రోగ్రాము. విండోస్ మామూలుగా చివరి తోకను దాచేస్తుంది కాబట్టి జనానికి వట్టి ఉత్తరంలా కనిపించింది. లక్షలాది కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా విండోస్ ఆ తోకను దాచే వస్తుంది. ఇది నాకు ఏమాత్రం నచ్చని సంగతి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' కింద 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అని ఉంటుంది, అది ఆన్ చేసి ఉంచుకోవాలి. ఇప్పుడు మన దగ్గర పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో ఫోన్లకు వచ్చే 'ఏపీకే' ఫైళ్లదీ అదే మోసం. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే ఫోన్లో కూర్చోవడానికి వచ్చిన యాప్. అది కూడా లోపల జిప్ మూటే, పీ, కే అనే మొదలవుతుంది. కాబట్టి మొదటి అక్షరాలు ఫైలు రకం చెబుతాయి తప్ప దాని బుద్ధి చెప్పవు. తెలియని మెయిల్లో వచ్చిన తెలియని తోకను తెరిచే ముందు, పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగడం కన్నా మంచి పరీక్ష నాకు కనిపించలేదు.

బాబాయి చేత కూడా ముందు అదే చేయించాను. పంపింది వాళ్లేనని తేలాక, విన్‌మెయిల్ మూటలు విప్పే ఉచిత ప్రోగ్రాము ఒకటి పెట్టి విప్పాం. లోపల రెండు కాగితాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నెల తర్వాత అదే చోటు నుంచి తోక లేని ఫైలు ఇంకొకటి వచ్చింది. ఈసారి నేను అడగకముందే ఆయన ఫోన్ చేశారు.

"నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూశానురా. మొదట్లోనే పర్సెంట్ గుర్తు, పీ, డీ, ఎఫ్ అని ఉంది. పేరు పక్కన నేనే పీడీఎఫ్ అని రాశాను, తెరుచుకుంది."