జెండా చేజారితే జైలా?

ఆగస్టు 15 మర్నాడు మా తరగతి గుమ్మం దగ్గర ఎవరో ఒక తల్లి బెరుకుగా నిలబడి ఉండడం నాకు ఏటా మామూలే. ఈసారి వచ్చినామె కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. ఒకటో తరగతి చదివే కొడుకు ప్రభాతభేరిలో చేతిజెండాను బురదలో పడేసుకున్నాడు. ఆ ఫొటో కాలనీవాళ్ల వాట్సాప్ గ్రూపుకెక్కింది. "మూడేళ్ల జైలట కదా మేడం?" అని ఆమె. "పోలీసులు నన్ను పట్టుకుపోతారా టీచర్?" అని కొంగుచాటు నుంచి వాడు.

అపోహ: పిల్లల చేతిలోని జెండా నేలను తాకితే కేసు పెడతారు.

పదిహేనేళ్లుగా ఈ ఒక్క మాటకే జవాబు చెబుతున్నాను. ఆ మూడేళ్లు జాతీయ గౌరవానికి సంబంధించిన 1971 నాటి చట్టంలోని గరిష్ఠ శిక్ష. జెండాను నలుగురిలో తగలబెట్టి, చింపి, తొక్కి అవమానించేవాళ్ల కోసం పెట్టింది. నేలను తాకనివ్వడం సంగతీ అందులో ఉంది, కాని 'ఉద్దేశపూర్వకంగా' అన్న షరతుతో ఉంది. ఊరంతా తిరిగే సందేశాల్లో సరిగ్గా ఆ మాటే ఎగిరిపోతుంది! కాషాయం కిందికి వచ్చేలా ఎగరేయడానికీ అదే షరతు. పైగా ఏడేళ్లలోపు పిల్లలు చేసినదేదీ నేరం కాదని పాత ఐపీసీ చెప్పింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితా చెబుతోంది. మీ పాప ఆకుపచ్చ పైకి పెట్టి జెండా బొమ్మ వేసిందా? కాగితం తిప్పి పట్టుకోండి.

చట్టం నిజంగా తప్పుపట్టేది వేరే ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, జెండా జారవిడిచిందని ఒక పిల్ల చేత మా సీనియర్ మాస్టారు గోడకుర్చీ వేయించారు. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. అప్పటికే అది అమల్లో ఉంది. ఆయనకు ఎదురుచెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మరుసటి ఏడాది జెండా ఇవ్వబోతే ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

చిరిగిన జెండాల్ని ఏం చేయాలో తెలియక బీరువాల్లో ఏళ్లతరబడి దాచేవాళ్లూ ఉన్నారు. పనికిరాకుండా పోయినదాన్ని చాటుగా, మర్యాదగా, వీలైతే దహనం చేయమని 2002 నాటి జెండా నియమావళే చెబుతోంది. కాగితపు జెండాల్నీ అలాగే చాటుగా, మర్యాదగా వదిలించుకోవాలి. రోడ్డు మీద పారేయకూడదు, అంతే.

ఇక మిగతావి గబగబా. హాకీని జాతీయ క్రీడగా ప్రభుత్వం ఎన్నడూ ప్రకటించలేదు. క్విజ్ పుస్తకంలో ఉంటే కొట్టేయండి. హిందీ జాతీయ భాష కాదు. రాజ్యాంగం దాన్ని కేంద్రానికి అధికార భాష అంది. జాతీయ జంతువు సింహం కాదు, పులి. సింహాలున్నది రాజముద్రలో, అవీ మూడు కాదు, నాలుగు. నాలుగోది వెనక ఉంటుందంటే నా పిల్లలు పుస్తకం తిప్పి చూస్తారు. జెండా రంగుల్ని మతాలకు పంచడం మాత్రం దయచేసి ఇంట్లోనే మానేయండి. కాషాయం త్యాగానికి, తెలుపు సత్యమార్గానికి, ఆకుపచ్చ నేలతోనూ పచ్చదనంతోనూ మనకున్న బంధానికి గుర్తని సర్వేపల్లి రాధాకృష్ణన్ వివరించారు. పద్దెనిమిదేళ్లు నిండితేనే పౌరులవుతారన్నదీ తప్పే. ఆ వయసుకు వచ్చేది ఓటు, 1989కి ముందు అదీ ఇరవై ఒకటికి. నా ముందు బెంచీలో ముక్కు తుడుచుకుంటున్నవాళ్లూ పౌరులే.

ఆ తల్లికి చట్టంలోని ఆ 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట చూపించాను. రెండుసార్లు చదువుకుని, ఫోనులో ఫొటో తీసుకుంది. గ్రూపులో పెట్టడానికట. వాడిదేమో బట్ట జెండాయే కాబట్టి ఇద్దరం కలిసి కుళాయి దగ్గర బురద కడిగాం. కాసేపు కుడిచేత్తో నిటారుగా పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు: "టీచర్, చెయ్యి నొప్పెడుతోంది. ఎడమచేత్తో పట్టుకుంటే ఎన్నేళ్లు?"