మెల్లకన్ను ఆపరేషన్ తర్వాత నల్లగుడ్డుకు ఏమవుతుంది? అపోహలు – వాస్తవాలు

సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక నాయనమ్మ, మనవడి కంటి కట్లు విప్పిన రోజు నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది: "బిడ్డా, నల్లగుడ్డు మీద గిట్ల కత్తి పెట్టిన్రా? పువ్వేస్తదా?" పిల్లాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఆమె భయం ఎరుపు గురించి కాదు. వాళ్ళ ఊళ్ళో ఎవరికో వడ్లగింజ తగిలి కంట్లో పువ్వేసి, అంటే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పడి, చూపు పోయిందట. అప్పటి నుంచి కంటికి ఏం జరిగినా ఆమెకు ముందు గుర్తొచ్చేది అదే.

నేను ఆప్టోమెట్రిస్టును. ఆపరేషన్ చేసేది డాక్టర్లు. దానికి ముందూ తర్వాతా సైట్ చూసేది, ప్రిజాలు (వెలుతురు దారి మళ్ళించే గాజు ముక్కలు) పెట్టి మెల్ల ఎంతుందో కొలిచేది, కార్నియా వంపు లెక్క తీసేది మేము. కార్నియా అంటే నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. మందం సుమారు అర మిల్లీమీటరు, అంతే. దాని గురించి రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి, ఒక్కొక్కటే చెప్తాను.

"కన్ను బయటికి తీసి, సరిచేసి, మళ్ళీ పెడతారు"

తియ్యరు. నల్లగుడ్డును కొయ్యరు కూడా. కంటిని అటూ ఇటూ తిప్పేందుకు ఒక్కో కంటికి ఆరు కండరాలుంటాయి. అవి అతుక్కునేది తెల్లగుడ్డుకు. ముక్కు వైపు కండరం కార్నియా అంచుకు 5.5 మిల్లీమీటర్ల దూరంలో, చెవి వైపుది సుమారు 7 మిల్లీమీటర్ల దూరంలో అతుక్కుని ఉంటాయి. తెల్లగుడ్డు మీది పల్చటి పొరను కాస్త తెరిచి, కండరాన్ని పట్టుకుని, మెల్ల కొలతను బట్టి వెనక్కి జరిపి కుడతారు, లేదా కొంత ముక్క తీసి బిగిస్తారు. దారం దానంతటదే కరిగిపోతుంది.

1839లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే సర్జన్ ఒక ఏడేళ్ళ పిల్లాడికి ఈ ఆపరేషన్ చేసినప్పుడు కండరాన్ని ఊరికే తెంచేశాడు. ఈథర్ మత్తు ఇంకా రాని రోజులు. ఆ పిల్లాడు ఎలా కూర్చున్నాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"కార్నియాను ముట్టుకోలేదు కదా, ఇక సైట్ ఎందుకు మారుతుంది?"

ఈ మాట చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ తప్పు.

పందిరి వేసేటప్పుడు చూసే ఉంటారు. నాలుగు వైపులా తాళ్ళు బిగించి ఉన్నంతసేపు బట్ట ఒక తీరుగా నిలుస్తుంది. ఒక వైపు తాడు వదులు చేస్తే, తాడు కట్టిన చోటే కాదు, నడిమధ్యలో కూడా బట్ట వాలు మారుతుంది. కంట్లోనూ అంతే. కండరాల లాగుడు తెల్లగుడ్డు ద్వారా కార్నియా దాకా చేరుతుంది. ముక్కు వైపు కండరాన్ని వెనక్కి జరిపినప్పుడు కార్నియా అడ్డంగా కాస్త చదునవుతుంది, నిలువు వంపు దానితో పోలిస్తే ఎక్కువవుతుంది. దాంతో అద్దాల చీటీలో సిలిండర్ నంబరు, అంటే ఈ రెండు వంపుల తేడాను సరిచేసే పవర్, పెరుగుతుంది. కార్నియా మ్యాప్ తీస్తే రంగుల్లో అచ్చం నిలబెట్టిన డమరుకంలా కనిపిస్తుంది.

ఆ నాయనమ్మ మనవడి సంగతే చెప్తాను. రెండు కళ్ళూ ముక్కు వైపుకు తిరిగి ఉండేవి. రెండింటికీ లోపలి కండరాన్ని వెనక్కి జరిపారు. ఆపరేషన్‌కు ముందు కుడి కార్నియా అడ్డంగా 43, నిలువుగా 44 డయాప్టర్లు (వంపు పవర్‌ను కొలిచే లెక్క) ఉంది. వారానికి చూస్తే అడ్డంగా 42.25, నిలువుగా 44.25. అంటే 1 ఉన్న తేడా 2 అయింది. ఎడమ కంట్లో తేడా 1.75. కత్తి అంచు కూడా తగలని కార్నియాలో వచ్చిన మార్పు ఇది.

కంగారు పడాల్సింది ఏమీ లేదు. వాపు తగ్గి, కండరం కొత్త చోట పట్టు దొరికించుకునే కొద్దీ ఇందులో చాలా భాగం వెనక్కి వచ్చేస్తుంది. ఎక్కువ మందికి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. కొందరికి మాత్రం కొంచెం మిగులుతుంది.

అసలు చిక్కు సైట్ మారడంలో లేదు, మనవాళ్ళ తొందరలో ఉంది. పదో రోజున పిల్లాడు "మసగ్గా ఉంది" అంటాడు. వెంటనే అద్దాల షాపుకు తీసుకెళ్ళి, కంప్యూటర్ చెకప్ చేయించి, ఆ నంబరుకు కొత్త అద్దాలు కొనేస్తారు. మూడో నెలలో నా దగ్గరకు వచ్చేసరికి అవి ఆ కంటికి సరిపోవు. పైగా పిల్లల సైట్ చుక్కలు వేసి, కనుపాప విప్పారిన తర్వాతే చూడాలి. లేకపోతే పిల్లాడి కన్ను తనంతట తాను ఫోకస్ చేసుకుంటూ మిషన్‌ను మోసం చేస్తుంది. ఆపరేషన్‌కు ముందు చుక్కలు వేసి తీసిన నంబరునూ, తర్వాత వెయ్యకుండా తీసిన నంబరునూ పక్కపక్కన పెట్టి "సైట్ పెరిగింది" అని ఏడ్చిన తల్లులను చాలామందిని చూశాను.

అందుకే డాక్టరు వేరే చెప్పకపోతే పాత అద్దాలే వాడండి. ఆరు వారాల తర్వాత ఒకసారి, మూడు నెలలకు ఒకసారి సైట్ చూపించుకోండి. ఆ రెండో చెకప్ మానేయకండి. లేజీ ఐ (ఒక కంటి చూపును మెదడు సరిగా వాడుకోకపోవడం) ఉన్న పిల్లలకు మిగిలిపోయిన అర డయాప్టరు కూడా లెక్కే. బొమ్మ స్పష్టంగా పడని కంటిని మెదడు మళ్ళీ పక్కన పెట్టేస్తుంది.

"ఆపరేషన్ అయింది కదా, ఇక అద్దాలు తీసేయొచ్చు"

ఆపరేషన్ సరిచేసేది కన్ను చూసే దిక్కును. సైట్‌ను కాదు. ప్లస్ పవర్ వల్ల మెల్ల వచ్చే పిల్లలు అద్దాలు తీస్తే కన్ను మళ్ళీ లోపలికి పోతుంది.

"నల్లగుడ్డు అంచున గుంట పడింది, ఆపరేషన్ ఫెయిలయింది"

ఈ గుంటకు ఒక పేరుంది: డెలెన్. జర్మన్ మాట, డబ్బాకు పడే సొట్టల్లాంటివని అర్థం. 1911లో ఫుక్స్ అనే కంటి డాక్టరు దీని గురించి రాశాడు. ఎలా వస్తుందంటే, కుట్టు వేసిన చోట తెల్లగుడ్డు మీది పొర ఉబ్బి చిన్న గట్టులా లేస్తుంది. రెప్ప మూసినప్పుడల్లా కన్నీటిని కార్నియా అంతటా పూస్తుంది కదా, గట్టు పక్కన మాత్రం ఆ పూత అందదు. మాపు పెట్టి ఇల్లు తుడుస్తుంటే గడప పక్కన సందులో తడి తగలనట్టు. అక్కడ కార్నియా ఎండిపోయి పల్చబడి, సాసరులా చిన్న గుంట పడుతుంది.

మామూలుగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. పసుపు రంగు చుక్క వేసి నీలం లైటులో చూస్తే ఆ గుంటలో రంగు నీళ్ళు నిలిచినట్టు కనిపిస్తుంది. కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కన్ను మూసి కట్టడం. ఉబ్బు దిగితే గుంట పూడుతుంది. దీనికీ ఆపరేషన్ ఫెయిలవడానికీ సంబంధం లేదు. అలాగని వదిలేసేదీ కాదు, మరీ ఎండనిస్తే కార్నియా ఇంకా పల్చబడుతుంది. చెకప్‌లకు రమ్మనేది ఇలాంటివి పట్టుకోవడానికే.

"మెల్లకన్ను ఆపరేషన్‌తో కంట్లో పువ్వేస్తుంది"

చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు. ముందు దెబ్బ తగిలో పుండు పడో పువ్వేసి చూపు తగ్గుతుంది. ఆ తర్వాత పని లేని కన్ను నెమ్మదిగా పక్కకు జారుతుంది, పెద్దవాళ్ళలో ఎక్కువగా బయటి వైపుకు. ఊళ్ళో ఆ కంటిని చూసినవాళ్ళకు పువ్వూ మెల్లా కలిసే కనిపిస్తాయి, ఏది ముందో తెలియదు. నాయనమ్మకు ఇదే చెప్పాను.

కార్నియాకు నిజంగా ఇబ్బంది తెచ్చే అరుదైన సంగతి ఒకటుంది. కంటి ముందు భాగానికి రక్తం తెచ్చే సన్నటి నాళాల్లో ఏడు ఈ కండరాల వెంటే వస్తాయి. ఒకే కంట్లో మూడు, నాలుగు కండరాలు ఒకేసారి విడదీస్తే రక్తం చాలక కార్నియా వాచి మసకబారవచ్చు. పెద్ద వయసువాళ్ళలో, బీపీ, షుగరు ఉన్నవాళ్ళలో ఆ భయం ఎక్కువ. అందుకే సర్జన్లు "మిగతాది కొన్ని నెలల తర్వాత" అంటారు. రెండోసారి ఫీజు కోసం అనుకోకండి.

"చనుబాలు పోస్తే చల్లబడుతుంది, నందివర్ధనం పూలు పెడితే ఎరుపు పోతుంది"

దయచేసి వద్దు. చనుబాలు, ఆముదం, తేనె, పూల రసం, ఏవీ క్రిములు లేనివి కావు. కుట్లు మానని కంట్లో అవి పోస్తే కార్నియా మీద పుండు పడొచ్చు. నాయనమ్మ భయపడిన పువ్వు నిజంగా వచ్చే దారి అది. ఎరుపు రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. డాక్టరు రాసిన స్టెరాయిడ్ చుక్కలను కూడా "బాగా పనిచేస్తోంది" అని మందుల షాపులో మళ్ళీ మళ్ళీ కొని వాడకండి. కంటి ప్రెషర్ పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్‌కు దారి సులువవుతుంది.

నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, చూపు తగ్గుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చీము కారుతున్నా, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించినా మర్నాటి దాకా ఆగకండి. ఆ రోజే రండి.

"పెళ్ళి ఉంది, వచ్చే నెలలో లేజర్ చేయించేసుకుంటా"

కార్నియా వంపు కుదురుకోకుండా దాన్ని లేజర్‌తో చెక్కడమంటే, కదిలే బల్ల మీద ముగ్గు వేసినట్టే. నంబరు నిలకడగా ఉందని రెండుసార్లు కొలిచి చూసుకున్నాకే. శుక్లం ఆపరేషన్‌కూ ఇదే మాట. లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్క కార్నియా వంపు మీదే నడుస్తుంది. కాంటాక్ట్ లెన్స్ కూడా డాక్టరు సరేననేదాకా వద్దు.

మూడో నెలలో నాయనమ్మ మనవణ్ణి తీసుకుని వచ్చింది. ఎడమ కన్ను మునుపటి కొలతకే వచ్చింది. కుడి కంట్లో తేడా 1.5 దగ్గర ఆగింది. చుక్కలు వేసి చూసి కుడి వైపు అద్దం ఒక్కటే మార్చాం. కుడి కంటికి పని పెట్టడానికి ఎడమ కంటికి రోజూ రెండు గంటల ప్యాచ్ (కన్ను మూసే పట్టీ) మామూలే. పిల్లాణ్ణి స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చూపే లైటున్న మైక్రోస్కోపు) ముందు కూర్చోబెట్టి, ఆమెను నా కుర్చీలో కూర్చోమని చూడమన్నాను. చాలాసేపు చూసింది.

"అద్దం లెక్కనే ఉంది" అంది. లేచి చీర కొంగు సర్దుకుని, "అయితే వంకాయ కూర పెట్టొచ్చా బిడ్డా? మూడు నెలల సంది పెడ్తలేను."

మొదటి రోజు నుంచే పెట్టొచ్చని చెప్పాను.