నెల్లూరు కాలువ గట్లు ఎవరివి?

నెల్లూరులో కాలువ గట్లను నడక బాటలుగా, పచ్చని దారులుగా మార్చాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇలాంటి ప్రతిపాదనలకు గీసే బొమ్మల్లో కాలువ ఎప్పుడూ నిండుగా, నీలంగా కనిపిస్తుంది. ఎండాకాలంలో సర్వేపల్లి కాలువను వంతెన మీద నుంచి ఒక్కసారి తొంగి చూసినవారికి ఆ రంగు ఎక్కడిదో అంతుపట్టదు. ఆ కాలువను ఎందుకు తవ్వారో, దాని నీటి మీద ఎవరికి హక్కు ఉందో తెలిస్తే తప్ప గట్టు మీద ఏం చేయవచ్చో చెప్పలేం.

పెన్న నది కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రయాణించి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో ఎక్కువ భాగం రాయలసీమ మెట్ట ప్రాంతమే కాబట్టి ఏడాదిలో చాలా నెలలు నదిలో ఇసుకే ఉంటుంది. నీరు వస్తే మాత్రం విరుచుకుపడుతుంది. ఇలాంటి నది కింద వరి పండించాలంటే వచ్చిన నీటిని వచ్చినప్పుడే పట్టి దాచుకోవాలి. తరతరాలుగా ఆ పని చెరువులు చేశాయి. 1855లో నెల్లూరు దగ్గర ఆనకట్ట కట్టడంలో ఉద్దేశం కూడా నది నీటిని చెరువులకు, కాలువలకు మళ్లించడమే. కట్టిన కొద్ది ఏళ్లకే వరదలు దాన్ని దెబ్బతీశాయి. మరమ్మతులు చేస్తూ, పొడిగిస్తూ నిలబెట్టుకొచ్చారు. 1880ల్లో ఎగువన సంగం దగ్గర మరో ఆనకట్ట వచ్చింది. 2022లో రెండు చోట్లా కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి.

నెల్లూరు ఆనకట్ట కింద పారే వాటిలో సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ ముఖ్యమైనవి. సర్వేపల్లి కాలువ వెంకటాచలం మండలంలోని సర్వేపల్లి జలాశయం వైపు సాగుతుంది. పొలాల కోసం తవ్విన ఈ కాలువలను పెరుగుతూ వచ్చిన ఊరు చుట్టేసింది.

కాలువ ఊరి వ్యాపారాన్నీ పెంచింది. నెల్లూరు బియ్యం మిల్లులు నీటి చక్రాలతో తిరిగినవి కావు. ఇంజన్లతో, ఆ తర్వాత కరెంటుతో నడిచాయి. అయినా వాటికి పని పెట్టింది కాలువ కింద పండిన ధాన్యమే. 1899లో మద్రాసు–బెజవాడ రైలు మార్గం కలిశాక ఆ ధాన్యానికి దూరపు మార్కెట్ తలుపు తీసింది. స్టోన్‌హౌస్‌పేట వ్యాపారం, మొలగొలుకులు అనే పాత వరి రకం పేరు, నిన్నమొన్నటి నెల్లూరు మసూరి, అంటే ఎన్ఎల్ఆర్ 34449 వరి, అన్నింటికీ మూలం పెన్న నీరే. మిల్లు యజమాని, కూలీ, బస్తా మోసే హమాలీ, వీరిలో కాలువకు రుణపడని వారు లేరు. పట్టణం ఆ రుణాన్ని తీర్చిన తీరు మాత్రం వేరు.

ఇక గట్టు సంగతి. పంట కాలువకు గట్టు అంటే వట్టి మట్టి కట్ట కాదు. సాధారణంగా ఒక గట్టును వెడల్పుగా వేసి దాని మీద తనిఖీ బాట వదులుతారు. లష్కరు ఆ బాట మీదే తిరిగేవాడు. తూము షట్టరు ఎత్తడం, దించడం, ఎలుక బొక్క కనిపిస్తే మట్టి కొట్టించడం, గండి పడే సూచన ఉంటే పైవారికి కబురు పెట్టడం అతని పని. పూడిక తీసిన మట్టి వేయడానికి పక్కన మరికొంత జాగా ఉండేది. కానుగ, తుమ్మ వంటి చెట్ల వేళ్లు మట్టిని పట్టి ఉంచేవి. ఇప్పుడు కోట్లు పెట్టి వేస్తామంటున్న పచ్చని బాట కాగితాల మీద ఎప్పటి నుంచో ఉంది, అదీ ప్రభుత్వ భూమిలోనే.

ఆ బాట ఒక్క రోజులో పోలేదు. లష్కర్లు రిటైరయ్యారు, ఖాళీలు నిండలేదు. గట్టు మీద మొదట పాకలు, తర్వాత రేకుల ఇళ్లు, ఆ తర్వాత స్లాబులు వచ్చాయి. వాటి వెనుక గోడల నుంచి మురుగు గొట్టాలు కాలువలోకి దిగాయి. పేదవాడి పాకే అందరి కళ్లకూ కనిపిస్తుంది గానీ, సందు చివర కాలువ కనిపిస్తే చాలు అందులోకి మురుగును వదిలిన పెద్ద వీధుల మాట ఎవరూ ఎత్తరు. 2004లో నగరపాలక సంస్థ ఏర్పడింది. 2011 జనగణన నాటికే జనాభా దాదాపు ఐదు లక్షలకు చేరింది. భూగర్భ డ్రైనేజీ ఆలోచన మాత్రం జనం వెనకాల ఆయాసపడుతూ నడిచింది.

ఇంత జరిగినా కాలువ చచ్చిపోలేదు. నీరు వదిలిన రోజుల్లో కాసేపు నిలబడి చూడండి. గుర్రపుడెక్క అంచున కొంగ కదలకుండా కాచుకుని ఉంటుంది. కరెంటు తీగ మీది లకుముకి పిట్ట బాణంలా దిగి చేపతో పైకి లేస్తుంది. జమ్ము, తుంగ, తూటికూర పెరిగిన మట్టి అంచు ఉన్నంత వరకే ఇవి ఉంటాయి. రెండు వైపులా నిలువు కాంక్రీటు గోడ కడితే కప్పకు కూడా పైకెక్కే దారి ఉండదు. అలాగని లైనింగ్, అంటే కాలువ లోపల కాంక్రీటు పూత, అడిగే రైతును తప్పు పట్టలేం. చివరి ఆయకట్టుకు నీరు అందాలంటే మధ్యలో ఇంకిపోయే ప్రతి చుక్కా లెక్కే. ఊళ్లో ఒక గట్టునైనా వాలుగా, మట్టితో ఉంచి, పొలాల్లో లైనింగ్ చేసుకోవడం నాకు కనిపించే మధ్యేమార్గం.

వరదలు ఈ చర్చకు తొందర తెచ్చాయి. 2015 నవంబరు వానలకు నగరంలోని లోతట్టు కాలనీలు మునిగాయి. కాలువలు, వాటి మీది ఆక్రమణల సంగతి అందరి నోటా నలిగింది. 2021 నవంబరులో పెన్నే ఉగ్రరూపం దాల్చింది. ఎగువనున్న సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. నది వెంట పొర్లుకట్ట గట్టిగా ఉండాలన్న దానిలో రెండో మాట లేదు. అదే మందు కాలువలకూ రాస్తేనే చిక్కు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2012 భవన నిబంధనలే పది మీటర్లకు మించి వెడల్పున్న కాలువ హద్దు నుంచి 9 మీటర్ల మేర నిర్మాణం కూడదన్నాయి. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. అయితే ఆ సంఘాల్లో ఓటు రైతుదే, మురుగు వదిలే పట్టణవాసికి అందులో బాధ్యతా లేదు, పాత్రా లేదు. కాలువ జలవనరుల శాఖది, అందులోని చెత్త నగరపాలక సంస్థది, గట్టు మీది ఇళ్ల పంచాయితీ రెవెన్యూది.

సియోల్ నగరం అంతకు ముందు రోడ్డు కింద కప్పేసిన చొంగ్గేచొన్ వాగును 2005లో 5.8 కిలోమీటర్ల మేర తెరిచి బాట వేసింది. ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ వాగులో నీటిని ఏడాది పొడవునా పారించడానికి హాన్ నది నుంచి పంపులతో తోడి పోస్తారు. నెల్లూరుకు ఆ వీలు లేదు. సోమశిల 78 టీఎంసీల జలాశయమే గానీ దాని మీద డెల్టా పంటలు, కండలేరు జలాశయం, చెన్నై తాగునీరు ఆధారపడి ఉన్నాయి. రబీకి నీరు వదిలితే కాలువ పారుతుంది. ఎడగారు పైరుకు, అంటే ఎండాకాలపు రెండో పంటకు ఇస్తే మరికొన్ని నెలలు పారుతుంది. లేకపోతే అందులో మిగిలేది మన మురుగే. కాబట్టి బాట వేసేవారు ఎండిన కాలువ పక్కన కూడా నడవబుద్ధి అయ్యేలా వేయాలి. అంటే మొదట మురుగు గొట్టాలు మూయాలి, తర్వాత నీడ పెంచాలి, బెంచీలు, రంగు దీపాలు ఆఖరున.

మొదలుపెట్టడానికి స్వర్ణాల చెరువు అనువైన చోటు. రొట్టెల పండుగకు లక్షల మంది వచ్చే ఆ ఒడ్డును ఏటా శుభ్రం చేయడం అధికారులకు అలవాటైన పనే. అక్కడి నుంచి కాలువ వెంట కిలోమీటరు చొప్పున కదలవచ్చు. గట్టు మీది కుటుంబాలకు ఊరి చివర కాకుండా, పనికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇళ్లు చూపించాల్సి ఉంటుంది. పథకం అంచనాల్లో మొదటి పద్దు అదే కావాలి. నీరు ఆపిన నెలల్లో తప్ప కాలువలో పని జరగదు గనుక, సర్వే, హద్దు రాళ్లు, ఇళ్ల కేటాయింపు అంతకు ముందే పూర్తి కావాలి.