నెమ్ము చేసిందా? ముందు ఊపిరి లెక్కపెట్టండి

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. ఓపీలో రోజూ ఎవరో ఒకరు "డాక్టర్ గారూ, దగ్గు తగ్గట్లేదు, నెమ్ము చేసిందేమో" అంటారు. న్యుమోనియాకి మనకున్న పాత పేరు అది. నెమ్ము అంటే చెమ్మ కదా, గోడకి నెమ్ము ఎక్కినట్టే ఊపిరితిత్తికీ బయటి తడి ఎక్కుతుందని చాలామంది మనసులో పడిపోయింది. మొదటి అపోహ అక్కడే పుట్టింది, దాంతోనే మొదలుపెడతాను.

అపోహ: వానలో తడిస్తే, చల్లనీళ్లు తాగితే న్యుమోనియా వస్తుంది

రాదు. న్యుమోనియా తెచ్చేవి క్రిములు. బ్యాక్టీరియాల్లో ఎక్కువగా కనిపించేది న్యుమోకాకస్, వైరస్‌లలో ఫ్లూ, కరోనా, పసిపిల్లల్లో ఆర్‌ఎస్‌వి, అరుదుగా ఫంగస్ కూడా. ఊపిరితిత్తుల చివర కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గాలి తిత్తులు ఉంటాయి, రక్తంలోకి ఆక్సిజన్ ఎక్కేది అక్కడే. క్రిములు అంతదాకా దిగి, శరీరం వాటితో పోరాడేటప్పుడు ఆ తిత్తులు చీముతో, ద్రవంతో నిండిపోతాయి, ఇక అక్కడ గాలికి చోటుండదు. ఆ తడి లోపల పుట్టిందే. చలికాలంలో కేసులు పెరిగే మాట నిజమే, కానీ అది ఫ్లూ లాంటి వైరస్‌లు తిరిగే కాలం, పైగా తలుపులు మూసుకుని అందరం ఒకే గదిలో ఉంటాం. "నేనే తడవనిచ్చాను, నా వల్లే ఇలా అయింది" అని ఏడ్చే తల్లుల్ని చాలామందిని చూశాను. అమ్మా, మీ తప్పు ఏమీ లేదు.

అపోహ: జ్వరం లేదు, కాబట్టి న్యుమోనియా కాదు

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. వయసు మళ్లినవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో జ్వరం రాకుండానే, ఒక్కోసారి పెద్దగా దగ్గు కూడా లేకుండానే న్యుమోనియా ముదిరిపోతుంది. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన పెద్దాయన ఈరోజు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, అన్నం ముట్టకుండా మగతగా పడుకున్నా, "వయసు మీద పడింది, నీరసం" అని ఇంట్లో రెండు రోజులు చూస్తారు. ఆ రెండు రోజులే మాకు కావాల్సినవి. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, జ్వరం ఒక్కటే చూసి ఆగిపోకండి, ఊపిరి లెక్కపెట్టండి.

ఎలాగో చెప్తాను. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు వద్దు, నిద్రలోనో ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి, పొట్టా ఛాతీ ఎన్నిసార్లు లేస్తున్నాయో నిండా ఒక నిమిషం చూడండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది, పసిపిల్లలు ఒకే తీరుగా ఊపిరి తీసుకోరు. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగంగా ఊపిరి తీసుకోవడం, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ఇది, ఎక్స్‌రే లేని చోట కూడా పనికొస్తుంది. జ్వరం వల్ల కూడా వేగం పెరుగుతుంది కాబట్టి జ్వరం దిగాక ఇంకోసారి లెక్కపెట్టొచ్చు, కానీ ఆ వంకతో ఆలస్యం చేయొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, అంటే ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి పోతున్నా, మూలుగుతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఇక లెక్కలు వద్దు, నేరుగా ఆసుపత్రికి. పెద్దవాళ్లకి విశ్రాంతిలో 12 నుంచి 20 మామూలు, 30 చేరిందంటే అది ఎమర్జెన్సీ.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్ల లోపు పిల్లలు సుమారు 7 లక్షల 40 వేల మంది న్యుమోనియాతో చనిపోయారు. వాళ్లలో చాలామందిని సమయానికి తీసుకొస్తే, మామూలు మందులూ ఆక్సిజన్‌తోనే కాపాడగలిగేవాళ్లం.

అపోహ: ఆక్సీమీటర్‌లో 97 ఉంది, టెన్షన్ లేదు

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే చిన్న పరికరం అది. వయసులో ఉన్నవాళ్ల శరీరం ఊపిరి వేగం పెంచి ఆ అంకెని కొంతకాలం నిలబెడుతుంది. అంకె పడిపోయేసరికి మనిషి అలసిపోయి ఉంటాడు. గోళ్ల రంగు, చల్లబడిన వేళ్లు కూడా రీడింగ్‌ని తప్పుదారి పట్టిస్తాయి.

అపోహ: ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసేస్తే ముదరకుండా ఉంటుంది

వైరస్ వల్ల వచ్చిందైతే ఆ మాత్ర ఏ పనీ చేయదు. బ్యాక్టీరియా అయితే అది సరైన మందో కాదో, ఎంత డోసో తెలియదు, సగం సగం వాడితే మందుకి లొంగని క్రిములే మిగులుతాయి, పైగా "మందు వేశాంగా" అనే ధీమాతో ఇంకో మూడు రోజులు గడిచిపోతాయి. డాక్టర్ రాశాక మాత్రం ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వాడండి. జ్వరం తగ్గిందని మూడో రోజే ఆపేయొద్దు. రెండు మూడు రోజులైనా ఏమాత్రం మెరుగు లేకపోతే ఫోన్ చేసి అడగడం కాదు, మళ్లీ వచ్చి చూపించుకోండి.

ఆవిరి గురించి కూడా రోజూ అడుగుతారు. ముక్కు దిబ్బడ కాస్త వదులుతుంది, అంతే. గాలి తిత్తుల్లోని ఇన్ఫెక్షన్‌ని అది తాకదు. మరిగే నీళ్ల గిన్నె ముందు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి, ఒళ్లు కాలే ప్రమాదం ఉంది.

అపోహ: మందులు అయిపోయాయి, ఇంకా ఎక్స్‌రేలో మచ్చ ఉంది, అంటే తగ్గలేదు

మనిషి ముందు కోలుకుంటాడు, ఎక్స్‌రే వెనక కోలుకుంటుంది. మచ్చ పోవడానికి ఆరు వారాలు, పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువే పట్టొచ్చు. దగ్గు, నీరసం కూడా కొన్ని వారాలు ఉంటాయి, దానికి కంగారు పడొద్దు. కానీ పొగతాగేవాళ్లు, యాభై దాటినవాళ్లు ఆరు వారాల తర్వాత ఎక్స్‌రే మళ్లీ తీయించుకోండి, ఒక్కోసారి ఆ మచ్చ వెనక క్యాన్సర్ గడ్డ దాగి ఉంటుంది.

అపోహ: టీకాలు పిల్లలకే

న్యుమోకాకల్ టీకా, ఏటా వేసుకునే ఫ్లూ టీకా పెద్దలకీ ఉన్నాయి. షుగర్, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, 65 దాటినవాళ్లు డాక్టర్‌ని తప్పకుండా అడగండి. ఫ్లూ శ్వాసనాళాల లోపలి పొరని దెబ్బతీస్తుంది, ఆ సందులో బ్యాక్టీరియా దిగి వారం తర్వాత జ్వరం తిరగబెడుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చిన జ్వరాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి.

అపోహ: ఊపిరితిత్తుల్ని కడిగేసే పానీయాలు ఉన్నాయి

తాగింది పొట్టలోకి పోతుంది, ఊపిరితిత్తిలోకి కాదు. దాన్ని శుభ్రం చేసేవి శ్వాసనాళాల్లో కదిలే సన్నని నూగు లాంటి వెంట్రుకలు, దుమ్మునీ కఫాన్నీ పైకి నెట్టేది అవే. సిగరెట్ పొగ వాటిని చచ్చుబరుస్తుంది, మానేస్తే మళ్లీ పనిలో పడతాయి. ఇంట్లో పొయ్యి పొగ ఉంటే చిన్నపిల్లలకి న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు, కాబట్టి బిడ్డని పొగకి దూరంగా ఉంచండి.

మంచం పట్టిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకి ఇంకొక్క మాట. పడుకోబెట్టి తినిపిస్తే, తాగిస్తే అది ఊపిరితిత్తిలోకి జారి న్యుమోనియా వస్తుంది. లేపి, ఆనించి కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టండి, తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వండి, రోజూ రెండుసార్లు పళ్లు తోమించండి. నోట్లో పెరిగే క్రిములే లాలాజలంతో కిందికి దిగుతాయి.