వ్యాన్ మనదే, పన్ను లెక్కా మనదే: యూకేలో కొత్త కొరియర్ డ్రైవర్ల అపోహలు - వాస్తవాలు

జనవరి నెలాఖరు వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం కాల్స్ వస్తాయి. "అన్నా, ట్యాక్స్ సైట్ నాలుగు వేల ఎనిమిది వందల పౌండ్లు కట్టమంటోంది. సిస్టమ్‌లో ఏదో తప్పు పడినట్టుంది, ఒకసారి చూడవా?" చూస్తాను. తప్పేమీ ఉండదు. అప్పటికి ఆ డబ్బు మాత్రం అయిపోయి ఉంటుంది: సగం ఇంటి అద్దెకి, సగం ఊళ్లో అప్పుకి.

నేను కోవెంట్రీలో ఉంటాను. ఆరేళ్లుగా సెల్ఫ్ ఎంప్లాయిడ్ డ్రైవర్‌గా, అంటే జీతానికి కాకుండా సొంతంగా, పార్సిల్ వ్యాన్ నడుపుతున్నాను. అకౌంటెంట్‌ని కాదు, కానీ నా రిటర్న్ నేనే వేసుకుంటాను. మొదటి ఏడాది తప్పులు చేసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. అంకెలన్నీ 2025-26 పన్ను ఏడాదివి, ఇంగ్లండ్‌కి సంబంధించినవి. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్ శ్లాబులు వేరు.

అపోహ: "యూటీఆర్ నంబర్ వచ్చిందంటే పని చేసుకోవచ్చన్నట్టే"

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. యూటీఆర్ అంటే పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఇచ్చే పది అంకెల నంబర్. అది పన్ను కట్టడానికే, పని చేయడానికి అనుమతి కాదు. పని చేయొచ్చా లేదా అన్నది వీసా చెప్పాలి.

స్టూడెంట్ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పూర్తిగా నిషేధం. "వారానికి ఇరవై గంటలు ఇచ్చారు కదా" అంటారు. ఆ ఇరవై గంటలు ఒక యజమాని దగ్గర పేరోల్ మీద చేసే ఉద్యోగానికి. యాప్ పెట్టుకుని ఫుడ్ డెలివరీ చేసినా, వ్యాన్‌లో పార్సిళ్లు వేసినా అది సొంత వ్యాపారం కిందికే వస్తుంది. ఒక్క గంట చేసినా ఉల్లంఘనే. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు వీకెండ్‌లో వ్యాన్ తీయడం కూడా కుదరదు. గ్రాడ్యుయేట్ వీసా ఉంటే చేసుకోవచ్చు. డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్య లేదా భర్త కూడా చేసుకోవచ్చు. మా డిపోలో ఇద్దరు ఆడవాళ్లు అలాగే మొదలుపెట్టారు, వాళ్ల రూట్లు మా కంటే ముందే అయిపోతాయి.

ఇక వేరేవాళ్ల డెలివరీ యాప్ అకౌంట్ అద్దెకు తీసుకోవడం. "పేరు వాడిది, కష్టం నాది, వారానికి ఇంత ఇచ్చేస్తా" అనే ఒప్పందం. 2024 జనవరి 1 నుంచి డిజిటల్ ప్లాట్‌ఫామ్‌లు తమ దగ్గర ఎవరు ఎంత సంపాదించారో హెచ్‌ఎంఆర్‌సీకి పంపాల్సిందే. ఆ ఆదాయమంతా అకౌంట్ ఎవరిదో వాళ్ల పేరు మీదే చేరుతుంది. కాబట్టి అద్దెకిచ్చినవాడి మెడకి పన్ను, తీసుకున్నవాడి మెడకి వీసా.

అపోహ: "రిజిస్ట్రేషన్‌కి ఏజెంట్ కావాలి, కంపెనీ పెట్టాలి, వ్యాట్ నంబర్ తీసుకోవాలి"

మూడూ అక్కర్లేదు. ఒంటరిగా వ్యాన్ నడిపేవాళ్లు సోల్ ట్రేడర్‌గా, అంటే కంపెనీ లేకుండా సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లుగా, నమోదైతే చాలు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో గవర్నమెంట్ గేట్‌వే ఖాతా తెరిచి, నేషనల్ ఇన్సూరెన్స్ (ప్రభుత్వ సామాజిక బీమా) నంబర్, చిరునామా, పని మొదలుపెట్టిన తేదీ ఇస్తే అయిపోతుంది. రూపాయి ఖర్చు లేదు, పెన్నీ కూడా లేదు. యూటీఆర్ పోస్టులో ఇంటికి వస్తుంది, కాబట్టి ఇల్లు మారే హడావిడిలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. వ్యాట్ (అమ్మకాల మీద పన్ను) అంటారా, ఏ 12 నెలల కాలంలోనైనా మీ టర్నోవర్, అంటే ఖర్చులు తీయకముందు వచ్చిన మొత్తం, 90,000 పౌండ్లు దాటితేనే. ఒక వ్యాన్‌తో అంత దాటడం నేనైతే చూడలేదు.

అపోహ: "పన్నెండు వేలు దాటేదాకా రిజిస్టర్ కానక్కర్లేదు"

12,570 పౌండ్ల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు, అంతవరకు నిజమే. రిజిస్ట్రేషన్ గీత వేరే చోట ఉంది. ఖర్చులు తీయకముందు వచ్చిన మొత్తం ఏడాదికి 1,000 పౌండ్లు దాటిందంటే నమోదు కావాల్సిందే. ఒకే ట్రిప్పులో చాలా ఇళ్లకి పార్సిళ్లు ఇచ్చే మల్టీ డ్రాప్ రూట్ మీద అది మొదటి రెండు వారాల్లోనే దాటిపోతుంది.

తేదీలు చూడండి. 2025 జూన్‌లో పని మొదలుపెట్టారనుకుందాం. అది 2025 ఏప్రిల్ 6 నుంచి 2026 ఏప్రిల్ 5 దాకా నడిచే పన్ను ఏడాది. రిజిస్టర్ కావడానికి గడువు 2026 అక్టోబర్ 5. ఆన్‌లైన్ రిటర్న్ వేయడానికి, డబ్బు కట్టడానికి 2027 జనవరి 31. అంటే వ్యాన్ ఎక్కిన రోజు నుంచి దాదాపు ఇరవై నెలలు మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. ఊళ్లో ఉద్యోగం చేసొచ్చినవాళ్లకి టీడీఎస్ పోగా చేతికొచ్చిందంతా మనదే అనే అలవాటు ఉంటుంది. ఆ అలవాటుతో ఈ ఇరవై నెలలు గడిపేస్తే జనవరిలో నాకు ఫోన్ చేయాల్సి వస్తుంది.

అపోహ: "కంపెనీవాళ్లు ఏదో కోసుకునే ఇస్తున్నారు, అందులో ట్యాక్స్ కూడా ఉంటుంది"

ఉండదు. వాళ్లు కోసేది వ్యాన్ అద్దె, ఇన్సూరెన్స్, డ్యామేజీ. వారం వారం వచ్చే ఇన్‌వాయిస్ కాగితం తెరిచి ఒక్కో లైను చదవండి.

నేను బోల్తా పడింది ఇక్కడే. అప్పట్లో పనిచేసిన చోట వారానికి వ్యాన్ అద్దె పోగా మిగిలింది బ్యాంకులో వేసేవాళ్లు. ఒకసారి అద్దం పగిలిందని నాలుగు వారాల పాటు కోశారు. ఆ అద్దం నేను వ్యాన్ తీసుకునేటప్పటికే పగిలి ఉందని ఎంత మొత్తుకున్నా వినలేదు, ఎందుకంటే నా దగ్గర ఫోటో లేదు. (ఇప్పుడు పొద్దున్నే వ్యాన్ చుట్టూ తిరిగి వీడియో తీయందే తాళం తిప్పను.) ఏడాది చివర రిటర్న్‌లో బ్యాంకులో పడిన మొత్తాన్నే టర్నోవర్‌గా రాశాను. మళ్లీ ఖర్చుల్లో వ్యాన్ అద్దె కూడా చూపించాను. ఒకే అద్దెను రెండుసార్లు తీసేసినట్టన్నమాట. రెండు నెలల తర్వాత బుర్రలో వెలిగి, రాత్రికి రాత్రి రిటర్న్ సవరించాను. జనవరి 31 గడువు నుంచి ఇంకో 12 నెలల దాకా సవరించుకోవచ్చు కాబట్టి సరిపోయింది.

పద్ధతి ఏమిటంటే, కోతలకి ముందు మొత్తం టర్నోవర్‌గా రాయాలి, కోతలు ఖర్చుల్లో రాయాలి. లాభం ఒకటే వస్తుంది కదా అనకండి. వ్యాట్ గీతనీ, కింద చెప్పబోయే కొత్త డిజిటల్ రూల్‌నీ చూసేది ఆ పై అంకె మీదే.

అపోహ: "డీజిల్ బిల్లులూ చూపించొచ్చు, మైలేజీ కూడా చూపించొచ్చు"

ఏదో ఒకటే. సొంత వ్యాన్ అయితే మైలేజీ పద్ధతి తేలిక: ఏడాదిలో మొదటి 10,000 మైళ్లకి మైలుకి 45 పెన్స్, ఆపైన 25 పెన్స్. డీజిల్, సర్వీసింగ్, టైర్లు, బండి ఇన్సూరెన్స్, బండి ధర అన్నీ అందులో కలిసిపోయినట్టే. ఒక బండికి ఒక పద్ధతి మొదలుపెడితే ఆ బండి ఉన్నంతకాలం అదే. అద్దె వ్యాన్ అయితే అసలు ఖర్చులు చూపించడమే లాభం అని నా అనుభవం, ఎందుకంటే అద్దే పెద్ద మొత్తం.

సొంత వ్యాన్‌తో పూర్తి ఏడాది నడిపిన డ్రైవర్ లెక్క ఒకటి వేద్దాం. టర్నోవర్ 32,000. డెలివరీ మైళ్లు 18,000. మైలేజీ కింద 4,500, 2,000 కలిపి 6,500. ఫోన్‌లో పనికి వాడిన భాగం, సరుకు ఇన్సూరెన్స్ వగైరా 500. లాభం 25,000. దానిలో 12,570 పోగా మిగిలిన 12,430 మీద 20 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్ 2,486. అదే మొత్తం మీద 6 శాతం క్లాస్ 4 నేషనల్ ఇన్సూరెన్స్ (సొంత వ్యాపారం చేసేవాళ్లు కట్టే రకం) 745.80. మొత్తం 3,231.80 పౌండ్లు. ఇదే మనిషి మైళ్లు రాసుకోకుండా, రసీదులు పారేసి, ఖర్చులేమీ చూపించలేకపోతే ఇంకో 1,820 పౌండ్ల దాకా ఎక్కువ కట్టాల్సి రావొచ్చు. రోజూ సాయంత్రం మీటర్ రీడింగ్ నోట్‌బుక్‌లో రాయడానికి అర నిమిషం పట్టదు.

ఇంటి నుంచి రోజూ వెళ్లే డిపోకి దూరం మామూలుగా ఈ లెక్కలోకి రాదు. పార్కింగ్ టికెట్ పడితే అది జరిమానా, ఖర్చు కింద ఒప్పుకోరు. బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ జోన్ (పొగ ఎక్కువ వదిలే బండ్లకి చార్జీ పడే ప్రాంతం) లోకి పాత డీజిల్ వ్యాన్‌తో వెళ్తే రోజుకి 8 పౌండ్లు, లండన్‌లో అలాంటిదే అయిన యూలెజ్‌కి 12.50. పనిలో పడి కట్టిన ఈ చార్జీలు ఖర్చే, కట్టడం మరిచిపోతే పడే పెనాల్టీ మాత్రం కాదు. లోగో ఉన్న యూనిఫామ్, హై-విజ్ జాకెట్ చూపించొచ్చు, మామూలు జీన్స్ కుదరదు. మధ్యాహ్నం భోజనం కూడా కుదరదు. పులిహోర డబ్బా ఎలాగూ ఇంటి నుంచే వస్తుంది కాబట్టి నాకు బాధ లేదు.

అపోహ: "జనవరిలో కట్టేశాం, ఇక వచ్చే ఏడాది చూసుకుందాం"

పైన చెప్పిన నాలుగు వేల ఎనిమిది వందల ఫోన్ కాల్ ఇదే. బిల్లు 1,000 పౌండ్లు దాటితే వచ్చే ఏడాది పన్నుని రెండు భాగాలుగా ముందే అడుగుతారు. దాన్ని పేమెంట్ ఆన్ అకౌంట్ అంటారు. మన ఉదాహరణలో బిల్లు 3,231.80. దానిలో సగం 1,615.90 కూడా అదే జనవరి 31న కట్టాలి. అంటే మొత్తం 4,847.70. జూలై 31న ఇంకో 1,615.90. ఇది అదనపు పన్ను కాదు, తర్వాతి బిల్లులో తగ్గుతుంది. కానీ మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. పని తగ్గించేశారు, ఆదాయం పడిపోతుందని తెలిస్తే ఆ ముందస్తు మొత్తాన్ని తగ్గించమని ఆన్‌లైన్‌లోనే అడగొచ్చు. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే వడ్డీ పడుతుంది.

నేను ప్రతి శుక్రవారం డబ్బు పడగానే అందులో నాలుగో వంతు వేరే అకౌంట్‌లోకి పంపేస్తాను. ఆ కార్డు ఇంట్లో బీరువాలో ఉంటుంది. మొదటి ఏడాది ముందస్తు వాటా కూడా కలుస్తుంది కాబట్టి అప్పుడు నాలుగో వంతు కూడా ఎక్కువేమీ కాదు.

అపోహ: "నా కారుకి ఇన్సూరెన్స్ ఉంది కదా"

మామూలు పాలసీ సొంత అవసరాలకీ, ఆఫీసుకి వెళ్లిరావడానికీ. డబ్బు తీసుకుని ఇతరుల సరుకు మోయాలంటే హైర్ అండ్ రివార్డ్ కవర్ ఉండాలి. అది లేకుండా పోలీసులకి దొరికితే ఇన్సూరెన్సే లేనట్టు లెక్క: 300 పౌండ్లు, లైసెన్స్ మీద 6 పాయింట్లు. ఇక్కడి లైసెన్స్ పాసై రెండేళ్లు కాకముందే 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దవుతుంది, మళ్లీ థియరీ నుంచి మొదలుపెట్టాలి. ఇండియా లైసెన్స్ చెల్లేది ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలే కాబట్టి మనవాళ్లలో చాలామంది ఆ రెండేళ్ల గండంలోనే ఉంటారు.

అపోహ: "ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే, రిటర్న్ వేయకపోతే ఏమవుతుంది"

కట్టాల్సింది సున్నా అయినా రిటర్న్ ఆలస్యమైతే 100 పౌండ్లు. మూడు నెలలు దాటితే రోజుకి 10 పౌండ్ల చొప్పున 90 రోజుల దాకా, అంటే ఇంకో 900. ఉండిపోవాలనుకునేవాళ్లకి ఇంకా పెద్ద చిక్కు ఉంది. వీసా ఫారంలో ఒక ఆదాయం, హెచ్‌ఎంఆర్‌సీకి ఇంకో ఆదాయం చూపించారని శాశ్వత నివాసం తిరస్కరించిన కేసులు కోర్ట్ ఆఫ్ అప్పీల్ దాకా వెళ్లాయి. తిరస్కరించే ముందు వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలని 2019లో ఆ కోర్టు చెప్పింది. కానీ ఆ వివరణకి కాగితాలు కావాలి కదా. జనవరి 31 గడువు తర్వాత అయిదేళ్ల దాకా రికార్డులు దాచాలన్నది ఎలాగూ రూలే.

అపోహ: "ఏడాదికోసారి కూర్చుంటే చాలు"

ఇన్నాళ్లూ నిజమే, ఇప్పుడు మారుతోంది. మేకింగ్ ట్యాక్స్ డిజిటల్ అనే పద్ధతిలో సాఫ్ట్‌వేర్‌తో లెక్కలు ఉంచి మూడు నెలలకోసారి పంపాలి. ఏడాది టర్నోవర్ 50,000 పౌండ్లు దాటినవాళ్లకి 2026 ఏప్రిల్ 6 నుంచి, 30,000 దాటినవాళ్లకి 2027 ఏప్రిల్ నుంచి, 20,000 దాటినవాళ్లకి 2028 ఏప్రిల్ నుంచి. చూసేది లాభం కాదు, ఖర్చులు తీయకముందు అంకె. పై ఉదాహరణలోని 32,000 డ్రైవర్ లాభం 25,000 అయినా రెండో విడతలోనే వస్తాడు. నేను కూడా ఆ విడతలోనే ఉన్నాను. ఆరేళ్ల నోట్‌బుక్‌లు పక్కన పెట్టి ఫోన్‌లో యాప్ అలవాటు చేసుకుంటున్నాను. డిపోలో లోడింగ్ కోసం ఎదురుచూసే ఆ ఇరవై నిమిషాల్లోనే ముందురోజు రసీదుల ఫోటోలు తీసేస్తున్నాను.