గళ్ల సంచి పేరులోనే ఉంది ఘనా, నైజీరియా తగువు

'నైజీరియన్లు వెళ్లిపోవాలి' అని రాసిన అట్టలు పట్టుకుని 2025 జులైలో ఘనా రాజధాని అక్రాలో జనం ఊరేగారు. నేరాలు పెరిగాయని, చిన్న వ్యాపారాలన్నీ వాళ్ల చేతుల్లోకి పోయాయని వారి ఫిర్యాదు. నైజీరియా హడావుడిగా ఒక మంత్రిని పంపింది. మీవాళ్లకు ఏ భయమూ లేదని ఘనా అధ్యక్షుడు మహామా భరోసా ఇచ్చారు. అయినా వాదన ఆగలేదు. ఏ దేశంలో బతుకు మెరుగు, ఎవరు ఎవరి మీద పడి తింటున్నారు అన్న లెక్కలు మళ్లీ మొదలయ్యాయి.

ఇవాళ్టి అంకెలు ఘనా వైపే ఉన్నాయి. అక్కడ సగటు ఆయుర్దాయం 65 ఏళ్ల దగ్గర ఉంటే, నైజీరియాలో 55 కూడా దాటలేదు. ఘనాలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా కరెంటు ఉంది, నైజీరియాలో ఆరుగురికే. నైజీరియాలోని అతిపెద్ద నగరం లాగోస్‌లో కాస్త ఉన్నవాళ్ల ఇళ్లు కూడా జనరేటర్ల మీదే నడుస్తాయి. 2023లో పెట్రోలు సబ్సిడీ ఎత్తేశాక ఆ జనరేటర్ ఖర్చే పెద్ద టెన్షన్ అయింది. ఘనా కూడా 2022లో అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. ఆ డిసెంబరులో అక్కడ ద్రవ్యోల్బణం 54 శాతం. కానీ పొరుగువాడు ఇంకా కష్టంలో ఉన్నప్పుడు ఇవి ఎవరికీ గుర్తుండవు.

ఈ తగువు అర్థం కావాలంటే 1983 జనవరికి వెళ్లాలి.

అప్పుడు పరిస్థితి దీనికి తలకిందులు. చమురు డబ్బుతో లాగోస్‌లో ఎక్కడ చూసినా కట్టడాలు లేచాయి. ఘనాకు ప్రధాన పంట అయిన కోకో దెబ్బతిని, జీతం రాళ్లు వారానికి కూడా చాలక ఘనా నుంచి మేస్త్రీలు, డ్రైవర్లు, టీచర్లు తరలి వెళ్లారు. నైజీరియా బడుల్లో లెక్కలు, సైన్సు చెప్పినవాళ్లలో చాలామంది ఘనా మాస్టార్లే. ఇంతలో చమురు ఆదాయం పడిపోయింది, ఎన్నికలు దగ్గరపడ్డాయి. కాగితాలు లేని విదేశీయులు రెండు వారాల్లో దేశం విడవాలని జనవరి 17న నైజీరియా అధ్యక్షుడు షెహు షగారి ప్రభుత్వం ప్రకటించింది. అలా వెళ్లాల్సి వచ్చింది దాదాపు 20 లక్షల మంది. వారిలో సుమారు సగం ఘనావాళ్లు.

దారి కూడా లేదు. స్మగ్లింగ్ ఆపడానికి ఘనా సైనిక పాలకుడు రాలింగ్స్ ప్రభుత్వం అప్పటికే ఘనా సరిహద్దు మూసి ఉంచింది. వచ్చినవాళ్లంతా తమ దగ్గరే ఆగిపోతారని మధ్యలో ఉన్న టోగో, బెనిన్ కూడా గేట్లు వేశాయి. ఘనా సరిహద్దు తెరిచింది జనవరి 29న. అప్పటిదాకా పిల్లాపాపలతో వేలమంది నైజీరియా-బెనిన్ సరిహద్దులోని సెమే దగ్గర రోడ్డు మీదే ఉన్నారు. చేతికి దొరికిన చవక గళ్ల ప్లాస్టిక్ సంచుల్లోనే సంసారాలు కుక్కుకున్నారు. మన బస్టాండుల్లోనూ కనబడే ఆ సంచిని నైజీరియాలో ఇప్పటికీ 'ఘనా మస్ట్ గో' (ఘనావాళ్లు వెళ్లిపోవాలి) అనే అడుగుతారు. అమ్మేవాడికీ కొనేవాడికీ అది మామూలు మాటే. ఆ సంచి మోసుకొచ్చిన ఇంట్లో మాత్రం కాదు.

ఆ ఏడాది ఘనాలో కరువు, అడవుల్లో, పొలాల్లో కార్చిచ్చు. బక్కచిక్కి పైకి తేలిన మెడ ఎముకలను జనం 'రాలింగ్స్ గొలుసు' అన్నారు. కోటి ఇరవై లక్షల జనాభా ఉన్న దేశం మీద ఒక్కసారిగా పది లక్షల మంది వచ్చిపడ్డారు. శిబిరాల్లో ఏళ్ల తరబడి మగ్గకుండా వాళ్లలో ఎక్కువమంది సొంత ఊళ్లకు వెళ్లి బంధువుల పొలాల్లో దిగారు. ఏప్రిల్‌లో ఐఎంఎఫ్ షరతులతో సంస్కరణలు మొదలయ్యాయి, మరుసటి ఏడు వానలు పడ్డాయి. ఘనా మెల్లగా లేచింది అక్కడి నుంచే. నైజీరియాకు మాత్రం పొరుగువాళ్లను పంపడం వల్ల ఒరిగింది లేదు. 1983 డిసెంబరు 31న సైన్యం షగారిని దించేసింది. 1985లో మరోసారి గెంటివేతలు జరిగాయి.

మొదలుపెట్టింది మీరే కదా అని నైజీరియన్లు 1969ని గుర్తుచేస్తారు. నిజమే. అప్పుడు ఘనా ప్రధాని బుసియా ప్రభుత్వం కూడా కాగితాలు లేని విదేశీయులు వెళ్లిపోవడానికి రెండు వారాల గడువే ఇచ్చింది. ఘనాలోనే పుట్టిపెరిగిన నైజీరియా మూలాలున్న యోరుబా జాతి వ్యాపార కుటుంబాలు దుకాణాలు వదిలి వెళ్లాయి. పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్ 1979లో చేసుకున్న ఒప్పందం వీసా లేకుండా 90 రోజులు తిరగనిచ్చి, తర్వాత నివాసం, వ్యాపారం హక్కులూ ఇస్తామంది. దానిమీద రెండు దేశాలూ సంతకం పెట్టాయి. నాలుగేళ్లకే 1983 వచ్చింది.

ఇప్పటి గొడవకు చట్టపరమైన కారణం 2013 నాటి ఘనా పెట్టుబడుల చట్టం. దాని ప్రకారం మార్కెట్లలో చిల్లర వ్యాపారం దేశీయులకే. విదేశీయులు సరుకుల వ్యాపారం చేయాలంటే పది లక్షల డాలర్ల పెట్టుబడి, 20 మంది ఘనావాళ్లకు ఉద్యోగం చూపాలి. 2019 ఆగస్టులో నైజీరియా భూ సరిహద్దులు మూసేసింది. ఘనా లారీలు అదే సెమే దగ్గర నెలల తరబడి నిలిచిపోయాయి. ఆ కోపంతోనే అక్రాలో, ఘనాలోని మరో నగరం కుమాసీలో నైజీరియన్ల షాపులకు తాళాలు పడ్డాయి.

స్పేర్ పార్ట్స్, ఫోన్లు అమ్ముకునే నైజీరియాకు చెందిన ఇగ్బో జాతి వ్యాపారుల మాట ఒకటే: పది లక్షల డాలర్లుంటే ఈ కొట్లో ఎందుకు కూర్చుంటాం? ఎకోవాస్ పౌరుడు బహుళజాతి కంపెనీతో సమానమా? అక్రాలో షాపు అద్దె ఏడాదికో రెండేళ్లకో ముందే కట్టాలి. తాళం పడినా గడువు ఆగదు.